గట్టు మీది కేక

టొమాటో తోటకు కొట్టే మందు వాసన ముక్కుకు తగిలిందంటే నాకు ఇప్పటికీ ముందుగా గుర్తుకొచ్చేది మా పెదనాయన ప్రార్థన. పోయిన నెలలో ఒక పొద్దున పలమనేరులో బస్సెక్కి, మా ఊరి మలుపు దగ్గర దిగి చేను దారి పట్టానో లేదో, ఎవరి తోటలోనుంచో ఆ వాసన వచ్చింది. కిరసనాయిలులో వెల్లుల్లి కుళ్ళబెట్టినట్టు ఘాటుగా, గొంతులోకి దిగి అక్కడే కూర్చుండిపోయే వాసన. ఆ వెంటనే చెవుల్లో ఆయన గొంతు, కళ్ళు మూసుకుని రెండు చేతులూ పైకెత్తి "ప్రేమగల తండ్రీ" అని సాగదీసే ఆ తియ్యటి గొంతు. నా జుట్టు నెరిసింది, మోకాళ్ళు అరిగాయి, చత్వారం వచ్చింది. ఈ పగ మాత్రం నాలో ఇంకా చిన్నపిల్లలాగే ఉంది, రెండు జడలు వేసుకుని, పళ్ళు నూరుకుంటూ.

మాది మిట్ట మీది ఊరు. కింద చిత్తూరులో జనం చెమటలు కక్కుతున్న రోజుల్లో కూడా మాకు తెల్లవారుజామున దుప్పటి కావాల్సి వచ్చేది. వానలు వెనకబట్టి చలి మొదలయ్యే కాలమంటే నాకు ప్రాణం. అమ్మ పొయ్యి ముందు కూర్చుని రాత్రి నానబెట్టిన అనపగింజల్ని పితికి తొక్కలు తీస్తుంటే ఆ పచ్చివాసన ఇల్లంతా పరుచుకునేది, వేడి సంగటి ముద్దలో గుంట చేసి పితికిపప్పు పోసుకుని తింటుంటే ముక్కు కారేది, బయట మంచు పట్టిన మల్బరీ తోట పొగలో మునిగినట్టు కనపడేది. పిల్లలందరం ఆ తోటలో దూరి నల్లగా పండిన మల్బరీ కాయలు తిని, నాలుకలు బయటపెట్టి ఎవరిది ఎక్కువ నల్లగా ఉందో పోటీలు పడి, ఆ నాలుకలతోనే సండే స్కూలుకు వెళ్ళి వాక్యాలు అప్పజెప్పేవాళ్ళం. క్రిస్మస్ దగ్గరపడితే వెదురు పుల్లలతో నక్షత్రం కట్టి రంగు కాగితం అంటించడం, ఇంటింటా నిప్పట్లూ కజ్జికాయలూ కాలుతున్న నూనె వాసన, కొత్త బట్టల మడతల్లోని గంజి వాసన. ఆ కొత్త బట్టలు ఎక్కడినుంచి వచ్చేవంటే, పురుగుల నుంచి వచ్చేవి.

మేం పట్టుపురుగులు పెంచేవాళ్ళం. ఇంటి పక్కనే బోదగడ్డి కప్పిన కొట్టం, లోపల అంచెలంచెలుగా వెదురు తట్టలు, తట్టల నిండా పురుగులు. ఆ కొట్టం మా అవ్వ రాజ్యం. అవ్వ అంటే మా నాయన తల్లి. వక్కాకు నమిలినవాళ్ళు, బీడీ తాగినవాళ్ళు, ముఖానికి పౌడరు రాసుకున్నవాళ్ళు గడప దాటకూడదు. చేతులు కడగకుండా ఆకు ముట్టుకుంటే నా చెవి ఎర్రబడేది. ఆకు వేయగానే పురుగులన్నీ ఒకేసారి కొరకడం మొదలుపెడితే కొట్టంలో సన్నటి వాన పడుతున్న చప్పుడు వచ్చేది, ఆ చప్పుడు వింటూ నేను తట్టల కింద గోనెపట్ట మీద పడుకుని ఎన్ని మధ్యాహ్నాలు నిద్రపోయానో.

అవ్వకు చదువు రాదు. చర్చిలో విన్నదంతా తెచ్చి ఆ కొట్టంలో, తోటలో, కనపడిన ప్రతిదానికీ అతికించి నాకు చెప్పేది. పురుగు కుబుసం విడిచే ముందు తిండి మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతుంది. దాన్ని మావాళ్ళు జ్వరం అంటారు. అవ్వ మాత్రం గొంతు తగ్గించి, "సప్పుడు సేయబాక పాపా, ఉపవాస ప్రార్థనలో ఉండాయి" అనేది. కొడవలితో మొదలంటా కోసేసిన మల్బరీ కొన్నాళ్ళకే చిగురు తొడిగితే, కోసేవాడి చెయ్యి చూసి భయపడకూడదని దానికి తెలుసు అనేది. అన్నిటికన్నా ఇష్టంగా చెప్పేది మాత్రం ఇది.

"ఇవి యెప్పుడన్నా తట్ట దిగి ఆకు యెతుక్కుంటా పోయినాయా, సెప్పు? పోవు. పైనించి పడ్తాది, తింటాయి. మనమూ అంతే. ఆయన యేస్తాడు, మనం తింటాం."

నేను నమ్మాను. మా తట్టల మీద వంగిన అవ్వ చేతులు, ముడతలు పడి ఆకుపసరుతో పచ్చబడిన ఆ చేతులు, నాకు దేవుడి చేతుల్లాగే కనపడేవి.

పురుగులున్న ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంటుంది. పక్క చేలో టొమాటోకో మిరపకో మందు కొట్టాలంటే, ట్యాంకు వీపుకు తగిలించుకునే ముందు గట్టు మీద నిలబడి కేక వేయాలి. "మందు కొడతాండామప్పోవ్, ఆకు కోసుకోండి!" ఆ కేక వినగానే పురుగులవాళ్ళు కొడవళ్ళు పట్టుకుని పరిగెత్తి, గట్టువారన ఉన్న సాళ్ళు ముందు కోసి, ఆకుమీద తడి గోనెపట్టా కప్పి పెట్టుకుంటారు. కోత అయ్యేదాకా, గాలి తగ్గేదాకా మందువాడు గట్టు మీదే కూర్చుంటాడు. ఎంత పగవాళ్ళయినా ఆ కేక మానరు. అందుకే మావాళ్ళకు ఇంకో నమ్మకం కూడా స్థిరపడిపోయింది. కేక వినపడలేదంటే గట్టు పక్కన మందు పడనట్టే.

మా చేనుకు పడమటి గట్టు అవతలిది పెదనాయన చేను. మా నాయనకు తోడబుట్టిన అన్న, అవ్వకు పెద్ద కొడుకు, చర్చి సంఘంలో పెద్ద. పేరు కృపానందం. పేరు గొప్ప, ఊరు దిబ్బ. నేను బడికి పోతున్న రోజుల్లో ఒక ఏడు, ఎండాకాలంలో, ఉమ్మడి బావి దగ్గర మోటారు వంతు విషయంలో అన్నదమ్ములకు మాటా మాటా వచ్చింది. వంతు మాదే. నోట్లో నాలుక లేని మా నాయన జీవితంలో మొదటిసారి "నా వంతు నేను ఇడవనన్నా" అన్నాడు. ఆ ఒక్క మాటకు పెదనాయన మాతో మాట్లాడడం మానేశాడు. చర్చిలో మాత్రం అందరికంటే ముందు లేచి, అందరి కోసం, మా కోసం కూడా, ప్రార్థన చేసేవాడు.

ఆ ఏడు క్రిస్మస్ ముందు పంట. పురుగులు ఆఖరి జ్వరం దాటి, వేలంత లావెక్కి, ఇంకొన్నాళ్ళలో గూడు కట్టబోతున్నాయి. అమ్మ పొద్దున్నే తోటకు పోయి గట్టువార సాళ్ళలో ఆకు కోసుకొచ్చింది. ఆకు తడిగా ఉంది. చలికాలం, మంచు అనుకుంది. నీడలో ఆరబెట్టి, దులిపి, తట్టలకు వేసింది. ఆ రోజుల్లో ఊరి చుట్టూ ఎవరో ఒకరు మందు కొడుతూనే ఉండేవాళ్ళు, వాసనకు మా ముక్కులు అలవాటు పడిపోయాయి. అన్నిటికీ మించి, కేక వినపడలేదు.

నేను బడి నుంచి వచ్చేసరికి కొట్టంలో వాన చప్పుడు లేదు. పురుగులు తలలు అటూ ఇటూ విసురుతున్నాయి, నోటినుంచి పచ్చటి నీళ్ళు కక్కుతున్నాయి, కుంచించుకుపోయి ఒకదానిమీద ఒకటి పొర్లుతున్నాయి. అమ్మ తట్టల మధ్య నేలమీద కూలబడి తన చేతులవంక చూసుకుంటోంది. ఆకు వాసన చూసిన నాయన గట్టు దగ్గరికి పోయి అవతలి టొమాటో మొక్కల్ని ముట్టుకుని, వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని వెనక్కి వచ్చాడు. అదే వాసన. పురుగుల్ని తానే స్వయంగా ఎన్నో ఏళ్ళు పెంచిన పెదనాయన, గాలి మావైపు తిరిగిన పొద్దు చూసుకుని, ఉలుకూ పలుకూ లేకుండా మందు కొట్టి పోయాడు.

గుంత తవ్వి, సున్నం చల్లి, తట్టలన్నీ అందులో బోర్లించాం. నేను అవ్వ కొంగు పట్టుకుని అడిగాను.

"పైనించి పడ్తాది, తింటాయి అంటివే అవ్వా. ఇసం గూడా పైనించే పడింది గదా. మన సేతుల్తోనే యేసినాం గదా!"

అవ్వ గుంత మీద మట్టి లాగుతూనే ఉంది.

ఆ ఆదివారం చర్చిలో పెదనాయన లేచాడు. చేతులెత్తాడు. ఆకాశంలో పక్షులను పోషించేవాడవు, పురుగును సైతం మరువనివాడవు అని మొదలుపెట్టాడు. పురుగు అన్న మాట ఆయన నోటినుంచి వచ్చేసరికి మా అమ్మ తన చేతులు కొంగు కింద దాచుకుంది. నేను కళ్ళు మూసుకోలేదు. ఆయన ఎత్తిన చేతులకేసి చూస్తూ నా ప్రార్థన నేను చేసుకున్నాను. ఆ చేతులు పడిపోవాలి. ఆ టొమాటోలు కుళ్ళిపోవాలి. ఏనుగులు అడవి దిగివచ్చి ఆయన తోట తొక్కెయ్యాలి. ఆమెన్ అందరికంటే గట్టిగా అన్నాను.

ఏనుగులు రాలేదు. వాన వచ్చింది. మల్బరీ మీద పట్టిన మందు కడుక్కుపోవాలంటే వాన కావాలి, అందుకని నేనే అడిగాను, మా తోట వరకే కురిపించమని గట్టు కొలతలతో సహా చెప్పి మరీ అడిగాను. కొట్టం చూరు కింద నిలబడి చూశాను. వాన మా తోట మీద పడింది. గట్టు దాటింది. పెదనాయన టొమాటోల మీద కూడా అంతే జోరుగా, అంతే ప్రేమగా పడింది. ఆ ఏడు ఆయన తోట కొమ్మలు విరిగేలా కాసింది.

"యేందవ్వా ఇది? ఆయనకు గూడా యెందుకు కురిపించినాడు?"

"దేవునికి గట్టు కనపడదు పాపా" అంది అవ్వ.

"నీ కొడుకని యెనకేసుకొస్తాండావు!"

అవ్వ వానలోకి చెయ్యి చాపింది. "అవును" అంది. "దేవునికీ కొడుకే. నా కర్మ, ఆయన కర్మ ఒగటే." ఆ మాటలో ఉన్న దుఃఖం నాకు అప్పుడు పట్టలేదు. నాకు కావాల్సింది పిడుగు. దొరికింది వాన. క్రిస్మస్‌కు పాత గౌను వేసుకున్నాను, పెదనాయన ఇంటినుంచి పెద్దమ్మ పళ్ళెం నిండా పంపిన నిప్పట్లను ఒక్కొక్కటే విరిచి కుక్కకు వేశాను. దానికి నేను ఇప్పటికీ చింతించడం లేదు. కుక్క ఎంతో సంతోషించింది.

కానీ అవ్వ ఊరుకోలేదు. సంక్రాంతి దాటాక మళ్ళీ గుడ్లు తెచ్చి పురుగులు పెట్టాం. ఒక పొద్దున పెదనాయన వీపున ట్యాంకు తగిలించుకుని తోటలోకి రాగానే, అవ్వ గట్టెక్కింది. నడుముకు కొంగు చుట్టి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి, ఊరి మొదటి ఇంటిదాకా వినపడేలా కేక పెట్టింది.

"మందు కొడతాండాడు నా కొడుకు! ఆకు కోసుకోండమ్మోవ్! వానికి నోరు లేదు, నేను సెప్తాండా!"

చుట్టుపక్కల చేలలో వంచిన నడుములన్నీ లేచాయి. పెదనాయన ట్యాంకు వీపున మోస్తూ, మా కోత అయ్యేదాకా అక్కడే తలవంచుకుని నిలబడ్డాడు. ఆ రోజునుంచి ఆయన మందు కొట్టిన ప్రతిసారీ అవ్వ గట్టు మీద ఉండేది. ఎండలో, మంచులో, కాళ్ళు వాచినా, కర్ర పట్టుకుని వచ్చి అరిచేది. అది దయో శిక్షో నాకు ఇప్పటికీ తెలియదు. నాకు మాత్రం చెవుల్లో తేనె పోసినట్టుండేది.

అవ్వ పోయాక కేక వేసేవాళ్ళు లేరు. అన్న నోటిని నమ్మలేక నాయన మల్బరీ పెకలించి టొమాటో పెట్టాడు. కొట్టం కూలిపోయింది. నాయనా అమ్మా కూడా పోయారు, నేను పలమనేరులో టీచరు ఉద్యోగం చేసుకుంటూ ఆ చేనును కూలీలతో సాగు చేయిస్తున్నాను. అటు పెదనాయన కొడుకు టొమాటోతో విసిగి పోయినేడాది మల్బరీ నాటి, రేకుల షెడ్డు వేసి, పురుగులు పెట్టాడు. ఇప్పుడు విషం నా వైపు ఉంది, పురుగులు ఆయన వైపు ఉన్నాయి. నేను చెప్పిన ఏనుగుల్ని పంపని దేవుడు ఇన్నాళ్ళకు ఈ గట్టును ఇలా తిప్పి పెట్టాడు.

పోయిన నెల నేను ఆ దారిన వెళ్ళింది మా తోటకు మందు కొట్టించడానికే. మా కూలీ మునిరత్నం మందు కొట్టే మిషను పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. నా తల మీది కొంగు పడమటికి ఎగురుతోంది.

"గాలి అటు పోతాండాదక్కా. కొట్టేదా?" అన్నాడు.

గట్టు అవతల మల్బరీ నిగనిగలాడుతోంది. షెడ్డు ముందు మంచం మీద పెదనాయన, కళ్ళు కనపడక, ఎండకు వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. షెడ్డులోనుంచి ఆ చప్పుడు, సన్నటి వాన చప్పుడు. ఆఖరి జ్వరం దాటిన పురుగులు. నాకు తెలుసు. ఒక్క మాట, "కొట్టు" అంటే చాలు. అనాలని ఎంత ఉందో చెప్పలేను. పచ్చటి నీళ్ళు కక్కిన మా పురుగులూ, చేతులు చూసుకుంటూ కూలబడ్డ మా అమ్మా నా నోటిదాకా వచ్చి నిలబడ్డారు.

గట్టెక్కాను. కొంగు నడుముకు చుట్టాను. నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాను.

"మందు కొడతాండామప్పోవ్! ఆకు కోసుకోండి!"

మంచం మీద ముసలాయన ఉలిక్కిపడ్డాడు. చేతులు ముందుకు చాపి, నా వైపు తల తిప్పి, "అమ్మా?" అన్నాడు. చిన్నపిల్లవాడి గొంతుతో, "నువ్వేనామ్మా?"

"కాదు పెదనాయనా" అన్నాను, ఊరంతా వినపడేలా. "పురుగులు సచ్చిపోయినోళ్ళ బిడ్డను."

ఆయన చేతులు ఒళ్ళో పడ్డాయి. తల కిందికి వాలింది. కొడుకూ కోడలూ కొడవళ్ళతో పరిగెత్తుకొచ్చి గట్టువార సాళ్ళు కోస్తుంటే నేను అక్కడే కూర్చుని, ఆయన్నే చూస్తూ, వాళ్ళ కోత అయ్యేదాకా, గాలి తగ్గేదాకా కదలలేదు. ఇప్పుడు మా పక్క ఎవరూ కేకలు వేయరు. ఫోనులో మెసేజి పెడతారు, చూసుకున్నవాడు చూసుకుంటాడు. వెదురు తట్టలు లేవు, బోదకొట్టాలు లేవు, పురుగులు ప్రార్థన చేస్తున్నాయని గొంతు తగ్గించి చెప్పే అవ్వలు లేరు. "నీకంత కక్ష ఉంది గదక్కా, యెందుకు సెప్తివి?" అని మునిరత్నం తరువాత అడిగాడు. క్షమించానేమో అనుకున్నాడు, పాపం. దేవుడికి గట్టు కనపడదేమో గానీ నాకు కనపడుతుంది. అందుకే దాని మీద నిలబడి అరిచాను.