పెసర్ల డబ్బాలో అంగి

దెయ్యాలు, ఆత్మలు అంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. దిష్టికి గుమ్మానికి కట్టిన నిమ్మకాయను పులిహోరలోకి తెంపి అమ్మతో తిట్లు తిన్నవాణ్ణి. ఇది చదివి నవ్వేవాళ్లు నవ్వుకోండి. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులు. మెదక్‌లో మా డిగ్రీ కాలేజీ తెరిచిన రోజులకంటే బంద్ ఉన్న రోజులే ఎక్కువ. నేను, శ్రవణ్, నర్సింలు ఇంటర్ నుంచి ఒకే బెంచీ. మా ఇంట్లో కొత్తగా కంప్యూటర్ కొన్నారు. కరెంటున్నంతసేపూ ముగ్గురం దాని ముందే ఉండేవాళ్లం. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

ఆ వానాకాలం మాత్రం నర్సింలు మనిషి మనిషిలా లేడు. రెండు నెలల ముందు వాడు రామాయంపేట రోడ్డు మీద రాస్తారోకోలో కూర్చుని నినాదాలిస్తున్నప్పుడు, ఇంట్లో వాళ్లమ్మకు గుండెనొప్పి వచ్చింది. కబురంది వాడు దవాఖానకు చేరేసరికే ఆమె పోయింది. చివర్లో కొడుకుతో ఏదో చెప్పాలని ఆరాటపడిందనీ, మాట స్పష్టంగా రాలేదనీ వాళ్ల చిన్నమ్మ చెప్పింది.

"ఏం చెప్దామనుకున్నదో రా మా అమ్మ" అని మమ్మల్ని రోజూ అడిగేవాడు.

వాడి మనసు మళ్లించాలని హైదరాబాద్‌లో ఉండే మా బావ దగ్గర్నుంచి ఒక సీడీ తెచ్చాను. విజువల్ నావెల్ అంటారు. తెర మీద బొమ్మ, కింద కథ. మౌస్ నొక్కుతుంటే కథ సాగుతుంది. మధ్యమధ్యలో ఏ దారిన పోవాలో మనల్నే అడుగుతుంది.

"గిదేం గేమురా? ఉరుకుడు లేదు, కొట్టుడు లేదు" అని సణిగాడు శ్రవణ్.

"కథరా గిది. జర ఓపిక వట్టు" అన్నాను.

కథంతా ఇంగ్లిష్. నాకు బాగా వచ్చని వాళ్లిద్దరి నమ్మకం. నేను చూసి తెలుగులో చెప్పాలి, నర్సింలు ఊ కొట్టాలి, దారి ఎంచేది శ్రవణ్. అర్థం కాని చోటల్లా నేను సొంతంగా కల్పించేవాణ్ణి. రాదని ఒప్పుకుంటే పరువు పోతుంది కదా!

మూడో రోజు మధ్యాహ్నం తెర మీద మంచాన పడ్డ తల్లి, గుమ్మంలో కొడుకు వచ్చారు. ఓరకంట నర్సింలును చూశాను. కింద పెద్ద పేరా. ఒక్క ముక్క అర్థం కాలేదు. నోటికొచ్చింది చెప్పేశాను.

"కొడుకా, నీ గీతల అంగికి గుండీ కుట్టిన. పెసర్ల డబ్బాల వెట్టిన, తొడుక్కో."

శ్రవణ్ పడీపడీ నవ్వాడు. "పెసర్ల డబ్బాల అంగేందిరా!"

నర్సింలు ఊ కొట్టలేదు. లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లిపోయాడు.

నాకు భయమేసింది. డిక్షనరీ తీసి ఆ పేరా మాటా మాటా కూడబలుక్కున్నాను. వాన జల్లు పడుతోంది, కిటికీ వెయ్యమంటోంది ఆ తల్లి. అంతే. అంగీ లేదు, గుండీ లేదు.

గంటకు నర్సింలు తిరిగొచ్చాడు, గీతల అంగి తొడుక్కుని. రెండో గుండీ ఎర్రదారంతో కుట్టి ఉంది. గుండీ ఊడిందని రాస్తారోకో ముందు రోజే ఆ అంగిని అమ్మకు ఇచ్చాడట. ఆమె పోయాక ఎంత వెతికినా దొరకలేదట. ఎలుకలు కొరుకుతాయనేమో, కవర్లో చుట్టి పెసర్ల అడుగున పెట్టింది.

నేను వాళ్లింటికి ఎన్నిసార్లు పోయినా వాకిలి దాటింది లేదు. ఆ అంగి సంగతి వాడు మాతో అనలేదు. శ్రవణ్‌కూ తెలియదు.

"నాకు గా ఇంగ్లిష్ సమజ్ కాలేదురా. నోటికొచ్చింది చెప్పిన" అని ఒప్పేసుకున్నాను.

వాడు ఆ మాటే పట్టించుకోలేదు. నా చెయ్యి పట్టుకుని అడిగాడు.

"ఇంకేమన్న చెప్పిందారా?"

మూడు రోజులుగా ఎన్నో కల్పించినవాణ్ణి, ఆ ఒక్కదానికి కల్పించలేకపోయాను.

"లేదురా, గంతే" అన్నాను.

రెండు నెలల్లో మొదటిసారి వాడు వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ మాట నా నోటికి ఎట్లా వచ్చిందో వాడు మళ్లీ ఎప్పుడూ అడగలేదు. అడిగినా చెప్పడానికి, ఇన్నేళ్ల తర్వాత కూడా, నాకు తెలియదు.