అమ్మ కాళ్లు, కోటబొమ్మాళి సంత

ముందే చెప్పేస్తున్నాను, ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పే మనిషిని కాను నేను. మా వీధిలో వాళ్లు నా మాటను నాలుగు పెట్టి భాగించాకే నమ్ముతారు. సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు నాది. ఎవరైనా తడిసిన ఫోను తెస్తే, సముద్రం అడుగున వారం రోజులున్న ఫోన్లను కూడా బతికించానని చెబుతాను. అది నిజానికి స్నానాలగది బకెట్లో పడిన ఫోను. కాబట్టి ఇక్కడ రాసేదాంట్లో లోతులూ, లావులూ, బరువులూ కాస్త తగ్గించుకుని చదవండి. పెంచి చెప్పడం వేరు, లేనిది పుట్టించడం వేరు. పుట్టించిన ముక్క ఇందులో ఒకటే ఉంది. అదేదో చివర్లో నేనే ఒప్పుకుంటాను.

మా అమ్మ ఎండుచేపలు అమ్ముతుంది. సముద్రపొడ్డున మా ఊళ్లోనే కొని, వారానికోసారి ఆటోలో వేసుకుని కోటబొమ్మాళి సంతకు తీసుకెళుతుంది. అక్కడ ఒక కిరాణా కొట్టు అరుగును ఆనుకుని ఉంటుంది అమ్మ చోటు. పెళ్లయిన కొత్తలో మా నాయనమ్మ తన పక్కన కూర్చోబెట్టుకుని అప్పగించిన చోటది. సంతలో చోటుకు పట్టా ఉండదు, కూర్చోవడమే పట్టా. రెండు మూడు వారాలు రాకపోతే అక్కడ ఇంకెవరో ఉల్లిపాయలు పోసుకుని కనబడతారు. వాళ్లను లేపాలంటే దేవుడు దిగి రావాలి, ఆయన కూడా రెండు కేజీలు కొనుక్కుని వెళ్లిపోతాడు.

అరవై దాటాక అమ్మ కాళ్లకు నీరు రావడం మొదలైంది. మొదట్లో సాయంత్రాలు వచ్చి పొద్దుటికి వెళ్లిపోయేది, చుట్టపుచూపుగా. తర్వాత పెట్టె బేడా తెచ్చుకుని ఉండిపోయింది. చీలమండ ఎముక మాయమైంది. పాదానికీ పిక్కకీ మధ్య ఉండాల్సిన సన్నటి చోటు పూడిపోయి, కాళ్లు రెండూ తాటిమొద్దుల్లా ఒకటే లావున దిగాయి. తన చెప్పులు పట్టక నా చెప్పులు వేసుకుంది. నేను కొన్నాళ్లు వట్టికాళ్లతో కొట్టుకు వెళ్లాను. చూసినవాళ్లు మొక్కు అనుకుని దండాలు పెట్టారు.

శ్రీకాకుళంలో డాక్టరుకు చూపించాం. ఆయన రక్తం తీయించాడు, గుండెకు స్కానింగు చేయించాడు. తర్వాత అమ్మ కాలి మీద బొటనవేలితో నొక్కాడు. గుంట పడింది. అందులో శనగగింజ వేసి నీళ్లు చిలకరిస్తే మొలకొచ్చేంత గుంట. అది పూడేలోపు నేను బయటికెళ్లి టీ తాగి, పక్కవాడి పేపరు సినిమా పేజీతో సహా చదివి తిరిగొచ్చాను.

"గుండె కొంచెం అలిసిపోయిందమ్మా. నీటిని మునుపటంత బాగా లాగలేకపోతోంది. ఉప్పు తగ్గించాలి. ఎండుచేప అసలు ముట్టకూడదు" అన్నాడు.

"ముట్టకుండా ఎలగ అమ్మీది బాబూ?"

"తినకూడదంటున్నాను."

"అలగ సెప్పు."

రోజూ పొద్దున్న ఒక మాత్ర రాశాడు. ఒంట్లో నీటిని ఒంటేలుకు తోసేసే మాత్ర. పడుకున్నప్పుడు కాళ్లు ఎత్తులో పెట్టుకోమన్నాడు. ఆయాసం వస్తే మాత్రం ఒక్క పూట కూడా ఆగకుండా తీసుకురమ్మని నాకు గట్టిగా చెప్పాడు. లేచి వస్తుంటే అసలు మాట అన్నాడు.

"నెల తర్వాత చూస్తాను. అప్పటికీ వాపు ఇలాగే ఉంటే సంత మానేయాల్సిందే."

ఆటోలో సగం దారి వచ్చాక అమ్మ తన కాళ్ల వైపు చూసి "దిగుతాదిలే" అంది, తర్వాతి స్టాపులో ఎవరో దిగిపోతారన్నంత ధీమాగా.

ఇంట్లో ఉప్పు డబ్బాను మా ఆవిడ బీరువాలో, పట్టుచీరల వెనక దాచింది. మొదటి రోజు పులుసు రుచి చూసి మా పిల్లి పక్కింటికి కాపురం మార్చింది. అమ్మ కళ్లు మూసుకుని మింగింది. దిండ్లు సరిపోక, నాన్న వాడిన పాత వలను చుట్టగా చుట్టి కాళ్ల కింద పెట్టాను. "బతికున్నన్నాళ్లూ సేపల్ని పట్టినాడు, ఇప్పుడు నా కాళ్లు పట్టుకున్నాడు" అని నవ్వింది.

ఇవన్నీ పనిచేశాయి. వారమంతా వాపు మెల్లగా తగ్గేది. సంత రోజు సాయంత్రం అమ్మ ఆటో దిగేసరికి మళ్లీ మొదటికొచ్చేది. ప్రతి వారం ఇదే వరస.

నా అనుమానం అమ్మ నాలిక మీదికి పోయింది. సరుకు కొనేటప్పుడు చేప రెక్క చివర తుంచి నాలిక మీద వేసుకుని, ఉప్పు ఎంత పట్టిందో, ఇసక కలిసిందో లేదో చెప్పేస్తుంది. సంతలో కూడా కొనేవాళ్ల ముందు తుంచి నోట్లో వేసుకుంటుంది, సరుకు మంచిదని చూపించడానికి.

"నువ్వు తింటున్నావమ్మా" అన్నాను.

"తినడమేటి? రుసి సూత్తన్నాను. అది పని."

"కాళ్లకు ఆ తేడా తెలియదు కదా."

"నీకు తెల్దా మరి?"

పెద్ద గొడవే అయింది. చివరికి రుచి చూడడం మానేసి, చేపను విరిచి చప్పుడు వింటానని ఒప్పుకుంది. బాగా ఎండినది పెళపెళమంటుందట. తర్వాతి సంతకు అలాగే చేసింది. సాయంత్రం కాళ్లు మళ్లీ పనసకాయలు.

డాక్టరు పెట్టిన గడువు దగ్గరపడింది. మా ఆవిడ "ఇంక సంత మానిపించీవల్సిందే" అంది. అమ్మ ఆ రాత్రి అన్నం సగం వదిలేసింది. ఆ వారం నేను కొట్టు మూసి అమ్మతోపాటు సంతకెళ్లాను.

పొద్దున్న మా ఆవిడ మాత్ర ఇస్తే "టిపినయినాక ఏసుకుంతాను" అని అమ్మ కొంగున ముడేసుకోవడం చూశాను. అందులో తప్పేమీ కనబడలేదు. సంతలో పక్కనే గోనెసంచి మీద కూర్చున్నాను. ఎండ మండిపోతోంది. అటూ ఇటూ ఎండుచేపల వాసన. నాకు పుట్టినప్పటి నుంచీ అలవాటైన వాసనే గానీ, ఆ రోజు దాన్ని చేత్తో పక్కకు నెట్టి గాలి పీల్చుకోవాల్సి వచ్చింది. అమ్మ బేరాల మీద బేరాలు చేస్తోంది. ఒక ముసలాయన నెత్తళ్ల చేపలు కొనుక్కుని చిల్లర తీసుకుని నాలుగడుగులు వేసి వెనక్కొచ్చి అమ్మను అడిగాడు.

"అప్పా, ఇదేటి, రూపాయికి బదులు మాత్రిచ్చినావు?"

ఆయన అరచేతిలో తెల్లటి మాత్ర ఉంది. అమ్మ కొంగు ముడి విప్పించాను. చిల్లరలో కలిసిపోయి మరికొన్ని మాత్రలు. వెళ్లిన ప్రతి సంతదీ ఒక్కొక్కటి.

"ఏటమ్మా ఇది?"

అమ్మ చేపల మీద ఈగలు తోలుతూ మెల్లగా అంది. "అదేసుకుంటే అరగంటకోపాలి లెగాలి. లెగిసి ఎక్కడికెల్తానురా? ఎనకటికి ఎనకాతల తుప్పలుండీవి. ఇప్పుడు గోడ కట్టీసినారు."

అప్పుడు గమనించాను, పొద్దుటి నుంచీ అమ్మ గుక్కెడు నీళ్లు కూడా తాగలేదు. తెచ్చుకున్న సీసా మూత తీయలేదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ సంత రోజు ఇంటికి రాగానే చెంబెడు నీళ్లు ఎత్తిపట్టి తాగేది. అది అలసట అనుకునేవాణ్ని.

పైన అరుగు మీద, కొట్టు గల్లాపెట్టె దగ్గర కూర్చునే సావుకారమ్మ ఇదంతా వింటోంది. అమ్మ వయసే ఉంటుంది. ఏళ్ల తరబడి పైనావిడా కిందావిడా ఒకరికొకరు ఎండా వానా గురించి తప్ప ఇంకేం మాట్లాడుకోలేదు.

"ఏటా మాత్ర? ఇలా చూపించు" అంది.

చూసి, గల్లాపెట్టెలోంచి తన మందుల అట్ట తీసింది. అదే మాత్ర. చీర కొంచెం పైకి లాగి, రోజంతా వేలాడేసుకు కూర్చునే కాలు మీద వేలితో నొక్కి చూపించింది. గుంట పడింది. అమ్మ ఊరుకుంటుందా, తన కాలు చాపి తనూ నొక్కింది.

"మీదేటి సావుకారమ్మా, నాది సూడండి, నుయ్యి."

"పైకి అలా ఉంది గానీ, లోతు నాదే."

నన్ను తీర్పు చెప్పమన్నారు. రెండు నూతులకూ మధ్య నిలబడి, రెండింట్లోనూ బొక్కెన వేయొచ్చని చెప్పి తప్పించుకున్నాను.

"వెనక మా ఇంట్లో బాత్రూము ఉంది కదా, ఒక్కసారైనా అడగలేదేం?" అంది సావుకారమ్మ.

"మీరు నీసు ముట్టనోలు. నాను ఎండుసేపలదాన్ని. ఎల్లొచ్చినానంటే మీ ఇంట్లో మూడ్రోజులు వాసనుంటాది."

"ఇన్నేళ్లుగా అది నా ముక్కులోనే ఉంది. ఇంక కొత్తగా రావడానికేముంది? లే, ముందు మాత్ర వేసుకో."

లోపలి నుంచి తనే చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. అమ్మ మాత్ర మింగి, కుళాయి దగ్గర కాళ్లూ చేతులూ కడిగి కడిగి, ఆ ఇంటి వెనకవైపు నుంచి మొదటిసారి లోపలికెళ్లింది.

జరిగిందంతా డాక్టరుకు ఫోనులో చెబితే ఆయన తిట్టింది నన్ను. సంత రోజు కోటబొమ్మాళిలో ఆటో దిగాక వేసుకున్నా ఫరవాలేదు, మానడం మాత్రం కుదరదన్నాడు. అప్పటి నుంచీ అమ్మ, సావుకారమ్మ ఇద్దరూ ఒకే వేళకు మాత్ర వేసుకుని వంతులవారీగా లేస్తారు. సావుకారమ్మ లోపలికెళితే కొట్టుకు అమ్మ కాపలా. అమ్మ వెళితే చేపలకు సావుకారమ్మ కాపలా. ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని బేరమాడుతుంది. ఏమంటోందో వినబడక కొనేవాళ్లు ఎందుకైనా మంచిదని ఎక్కువే ఇచ్చిపోతారు. "మీరే అమ్మీండి, నాను ఇంటికెల్లిపోతాను" అంటుంది అమ్మ. కాళ్లు చాపుకోవడానికి అమ్మకు ఒక ఖాళీ నూనె డబ్బా కూడా ఇచ్చిందావిడ. అమ్మ దాని మీద రెండు కాళ్లూ పెట్టుకుని, సంతకు మహారాణిలా కూర్చుంటోంది.

గడువుకు డాక్టరు దగ్గరికెళ్లాం. ఆయన నొక్కాడు. గుంట పడలేదు. చీలమండ ఎముక, కొన్నేళ్లుగా కనబడని ఎముక, పొద్దున్నే గట్టు మీదికి ఎక్కిన పీతలా బయటపడి ఉంది. సంతకు వెళ్లొచ్చన్నాడు. నా చెప్పులు నాకు తిరిగొచ్చాయి.

ఇక ఒప్పుకోలు. మాత్ర చిల్లరలో కలవడం నిజం. నూతుల పోటీ నిజం. సావుకారమ్మ నెత్తళ్లు అమ్మడం నిజం, కావాలంటే సంత రోజు వెళ్లి చూసుకోండి. పుట్టించింది ఆ ఎముక ఒక్కటే, దాని వెనక వచ్చిన చెప్పులు కూడా కలిపి. డాక్టరు నొక్కితే గుంట పడింది. మునుపటంత లోతు లేదు, అంతే. వాపు సగం దిగింది. ఈ గుండెకు ఇంతకంటే ఆశపడకండి, ఇలాగే కాపాడుకోండి, సంతకు వెళ్లొచ్చు అన్నాడు. పొద్దున్న కాళ్లు తేలిగ్గా ఉంటాయి, సాయంత్రానికి నిండుతాయి, వల చుట్ట మీద పెడితే మళ్లీ కొంత దిగుతాయి. ఎముక ఇప్పటికీ కనబడలేదు. నా చెప్పులు అమ్మ కాళ్లకే ఉన్నాయి.

రాసిందంతా అమ్మకు చదివి వినిపించాను. కాళ్లు ఎత్తులో పెట్టుకుని, మధ్యమధ్యలో నవ్వుతూ విన్నది.

"ఆ ఎముక గురించి రాసిన ముక్క తీసేయమంటావా అమ్మా?"

తన కాళ్ల వైపు చూసుకుంది.

"అదొక్కటీ ఉంచీరా" అంది. "మిగతాది ఎలాగూ ఎవులూ నమ్మరు."