ఒక్క "ఏంది"తో ఆంధ్రావాళ్లమైనం

మా అత్తమ్మ పుట్టింది ఛత్తీస్‌గఢ్‌లున్న ఈ జగదల్‌పూర్‌లనే. అయినా పక్కనే ఉన్న కుటుంసర్ గుహ ఎన్నడూ చూడలేదంటే ఈ రోజు తీస్కపోయిన. గైడ్ లేకుండా లోపలికి పోనియ్యరు. బాగా లోపలికి దిగినంక, అసలు చీకటంటే ఎట్లుంటదో చూపిస్తానని గైడ్ లైటు ఆర్పేసిండు. అత్తమ్మ నా చెయ్యి గట్టిగ పట్టుకుని, "ఏంది బిడ్డా, కరెంటు పోయిందా?" అన్నది.

అందరూ నవ్విండ్రు. నేను గూడ నవ్విన. ఆ చీకట్లనే గైడ్ హిందీల అన్నడు: "ఆంధ్రా నుంచి వచ్చినట్టున్నరు. భయపడకండి, మా బస్తర్ గుహలు ఇట్లనే ఉంటయి."

నా నవ్వు అక్కడనే ఆగిపోయింది. రాజులు ఏలే రోజుల్లనే మావాళ్లు ఇక్కడ దుకాణం పెట్టుకున్నరు. ఒక్క మాట విని మమ్మల్ని సరిహద్దు దాటించేసిండు.

బయటికి వచ్చినంక అత్తమ్మ అతన్ని, "నీదే ఊరు నాయినా?" అని ఇక్కడి హల్బీ భాషల అడిగింది. అతను నా దిక్కు తిరిగి, "నాకు తెలుగు రాదు మేడం, ఏమంటున్నరు?" అన్నడు.

ఒళ్లు మండిపోయింది. "అది తెలుగు గాదు, మీ బస్తర్ భాషనే" అని మొహం మీదనే చెప్పిన.

పోయిన నెల భద్రాచలంల లాడ్జి ఆయన గూడ మెచ్చుకున్నడు, "ఛత్తీస్‌గఢ్ వాళ్లయినా తెలుగు బాగనే మాట్లాడ్తున్నరు" అని. చెక్‌పోస్టు ఇవతల ఆంధ్రావాళ్లం, అవతల ఛత్తీస్‌గఢ్ వాళ్లం. ఇగ ఆ చెక్‌పోస్టు గేటు కిందనే కాపురం పెట్టాల్నా? మీరే చెప్పుండ్రి.