తూర్పుకు వంచిన ఇల్లు

హీటర్ రిపేర్ చేస్తున్నామని గ్రూపులో పెడితే అందరూ నవ్వారు. సింగపూర్‌లో హీటరా, రెయిన్‌కోట్ వేసుకుని స్నానం చేసినట్టుంది అన్నాడొకడు. వాడిని తిడుతూ పెద్ద మెసేజ్ టైప్ చేసి, పంపకుండా చెరిపేశాను. ఆ హీటర్ సంగతి చెప్పాలంటే మా అమ్మ కిడ్నీల సంగతి కూడా చెప్పాలి.

అమ్మది ఆదిలాబాద్ వైపు. చలికాలం పొద్దున్నే మాట్లాడితే నోట్లోంచి పొగ వచ్చే ఊరు. పెళ్లయి ఇక్కడికి వచ్చాక తనకి చలి అంటే మాల్‌లో ఏసీ, అంతే. "ఒక్క రాత్రన్న మంచిగ సలి పెట్టాలె, ముసుగు తన్ని పండాలె" అని అంటూ ఉండేది. అందుకే, సముద్రం ఒడ్డున టూరిస్టుల కోసం టెంట్లు నడిపిన ఒకాయన వ్యాపారం మూసేసి సామాను అమ్ముతుంటే, డాడీ అందులో ఒక పాత కారవాన్ కొన్నారు. కారు వెనక తగిలించుకుని లాక్కుపోయే చక్రాల ఇల్లు. వయసులో డాడీకి అన్నయ్య. లోపల ఒక మంచం, సింకు, గ్యాస్ పొయ్యి, పొయ్యి కింద గ్యాస్‌తోనే నడిచే గది హీటర్. రిటైర్ అయ్యాక దాన్ని మలేషియా కొండల మీదికి తీసుకెళ్లి, ఏడాదిలో సగం అక్కడే ఉండాలని వాళ్ల ప్లాన్. అమ్మ అప్పుడే లిటిల్ ఇండియాకి వెళ్లి మందమైన రగ్గు కొనుక్కొచ్చింది. ఈ ఎండల్లో ఇదెవరికమ్మా అని షాపతను అడిగాడట.

పాయా లేబర్ ఏరియాలో డాడీ ఫ్రెండ్ ఒక తమిళ అంకుల్‌కి వర్క్‌షాపు ఉంది. కారవాన్‌ని దాని పెరట్లో పెట్టుకోనిచ్చాడు. గృహప్రవేశం కూడా అక్కడే జరిగింది. వద్దంటే అమ్మ వింటుందా? చక్రాలున్నా ఇల్లు ఇల్లేనంది, పాలు పొంగించాల్సిందేనంది.

తరవాత అమ్మకి కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. కొండల మీద సగం ఏడాది కాదు కదా, నాలుగు రోజులు కూడా ఉండే వీల్లేదు. మెషీన్ దగ్గర కూర్చున్నంతసేపూ అమ్మకి వణుకు. చలి కావాలన్న మనిషికి ఇప్పుడు దొరికిన చలి అది. లిటిల్ ఇండియా రగ్గు అక్కడ పనికొచ్చింది.

ఈ ఏడాది అంకుల్ వర్క్‌షాపు ఖాళీ చేయాల్సి వచ్చింది. నెలాఖరులోగా కారవాన్‌ని అమ్మాలి, లేదా తుక్కుకి ఇవ్వాలి. అదృష్టం కొద్దీ ఒక చైనీస్ అబ్బాయి వచ్చి చూశాడు. అవే కొండల్లో స్ట్రాబెర్రీ తోటలో పని దొరికిందట, భార్యతో, నెలల పాపతో కారవాన్‌లోనే ఉంటాడట. చలిలో పాప ఉండాలి కాబట్టి హీటర్ పనిచేస్తేనే కొంటానన్నాడు.

అది విని అమ్మ మంచంలో లేచి కూర్చుంది. "నేను పోకున్న మంచిదే. అదన్న పోనియ్యుండ్రి కొండ మీదికి," అంది.

ఆదివారం డాడీ, నేను స్పానర్లతో వెళ్లాం. అంటే స్పానర్లు డాడీవి. నా చేతిలో ఫోన్, అందులో ఎవరో అమెరికా తాత ఇలాంటి హీటరే విప్పుతున్న వీడియో.

"డాడీ, స్టాప్! ముందు గ్యాస్ పైపు తీయాలంట."

"నాకు తెల్వదా? ముందు గా ఫోన్ జేబుల వెట్టి లైటు పట్టు."

"ఫోనే కదా లైటు!"

హీటర్ ముందు రేకు ఊడదీస్తే లోపల గోధుమరంగు అట్ట కట్టి ఉంది. బర్నర్ రంధ్రాలన్నీ మూసుకుపోయాయి. చచ్చిన చీమలు కుప్పగా ఉన్నాయి. డాడీ స్క్రూడ్రైవర్‌తో కొంచెం గీకి వాసన చూశారు. మళ్లీ చూశారు.

"పాలు," అన్నారు.

ఆయన ఇంకేం చెప్పకముందే నేను ఫోన్‌లో గృహప్రవేశం వీడియో వెతికాను. డిలీట్ చేయలేదు, నేనేదీ డిలీట్ చేయను. ఆ ఇరుకులో నేల మీద కూర్చుని ఇద్దరం చూశాం. అమ్మ కొత్త చీరలో, అప్పటికింకా బుగ్గలున్న మొహంతో, గిన్నె ముందు నిలబడి ఉంది. "వాస్తు పరేషాన్ లేదు గీ ఇంటికి, ఎటు గావాల్నంటే అటు తిప్పుకోవచ్చు," అని నవ్వుతోంది. పాలు తూర్పు వైపుకే పొంగాలి కదా. ఆ రోజు తూర్పు ఎటని నా ఫోన్‌లో కంపాస్ పెడితే, ఆ రేకుల డబ్బాలో ముల్లు పిచ్చిపట్టినట్టు తిరిగింది. చివరికి బయటికెళ్లి చూసొచ్చాను. తరవాత వీడియోలో కారవాన్ ఒకసారి ఊగి ఒక పక్కకి ఒరుగుతుంది. బయట జాకీ దగ్గర ఉన్న డాడీ గొంతు: "సాలా? ఇంకొంచెం వంచాల్నా?"

పాలు కచ్చితంగా తూర్పుకే పొంగాలని ఇంటినే వంచేశారు. పాలు పొంగి, చక్కగా తూర్పుకే పారి, పొయ్యి పక్క సందులోంచి కిందికి దిగిపోయాయి. "ఆఫ్ చెయ్యమ్మా!" అని నా అరుపు. "పొంగనియ్యే, మంచిది!" అని అమ్మ.

నాకు ఒళ్లు మండింది. "హూ టోల్డ్ యూ టు టిల్ట్, డాడీ? ఎవరైనా ఇల్లు వంచుతారా? కింద హీటర్ ఉందని తెలీదా?"

డాడీ పాత టూత్‌బ్రష్ తీసుకుని రంధ్రాలు ఒక్కొక్కటే కడగడం మొదలుపెట్టారు. కాసేపు ఫోన్ చూస్తూ కూర్చున్నాను. ఆయన చొక్కా వీపంతా తడిసి అంటుకుపోయింది. ఇంకో బ్రష్ తీసుకున్నాను.

కొత్త గ్యాస్ గొట్టం బిగించాం. సబ్బునీళ్లు రాసి లీకు లేదని చూసుకున్నాం. తలుపు, కిటికీలన్నీ తెరిచి వెలిగిస్తే, మూడోసారికో నాలుగోసారికో టప్పుమని అంటుకుంది. నీలం మంట, ఎంత తిన్నగా ఉందో. నేను అరిచిన అరుపుకి పక్క షెడ్డులోంచి అంకుల్ పరిగెత్తుకొచ్చాడు.

వెంటనే అమ్మకి వీడియో కాల్ చేశాను. చోవా చూ కాంగ్‌లో మా ఫ్లాట్‌లో, తలగడకి ఆనుకుని ఉంది.

"చూడమ్మా!"

"ఎలిగిందా! నా కారవాన్ కొండెక్కుతది ఇగ," అంది. ఫోన్‌ని మొహానికి మరీ దగ్గరగా పెట్టుకోవడంతో నాకు ఒక కన్ను మాత్రమే కనిపించింది. కాల్ కట్ చేసి, వెంటనే ఆదిలాబాద్‌లో పిన్నికి చేసిందట.

ఆ తరవాతే డాడీ ఫ్యాన్ స్విచ్ వేశారు. మంట ఉన్న డబ్బా మీదుగా గాలి కొట్టి, వేడిని గదిలోకి తోసే ఫ్యాన్ అది. ఫ్యాన్ తిరగగానే, తిన్నగా ఉన్న మంట ఒక పక్కకి వాలి కొట్టుకోవడం మొదలైంది.

"గాలికి," అన్నారు డాడీ.

"కాదు డాడీ. ఆ గాలి మంట దాకా రాకూడదు. ఆఫ్ చెయ్."

వీడియోలో తాత మరీ మరీ చెప్పింది అదొక్కటే. మంట డబ్బాలోకి గాలి పోతోందంటే దానికి చిల్లు ఉన్నట్టు. లోపలి విషవాయువు గదిలోకి వస్తుంది. దానికి వాసన ఉండదు, పడుకున్నవాళ్లు లేవరు. చల్లారాక డబ్బా లోపలికి నా ఫోన్ టార్చ్ దూర్చి, బయటనుంచి చూశాం. పాలు పడి ఎండిన చోట, తుప్పులోంచి సన్నగా వెలుతురు, ఒకచోట కాదు, జల్లెడలా. పాలవల్లో, ఈ ఊరి తేమవల్లో, ఎవరికి తెలుసు. ఆ డబ్బాలు ఇప్పుడెవరూ చేయడం లేదు. అంత పాత రేకుకి అతుకు పెట్టినా, దాని పక్కన పసిపిల్లని పడుకోబెట్టమని ఎవరు చెప్తారు?

డాడీ చేతులు తుడుచుకున్నారు. తరవాత నా ఫోన్ అడిగి తీసుకుని ఆ అబ్బాయికి చేశారు. "హీటర్ స్పాయిల్ ఆల్రెడీ. నాట్ సేఫ్ ఫర్ బేబీ. డోంట్ బై," అన్నారు. అవతల అబ్బాయి ఓకే అంకుల్, థాంక్యూ అన్నాడు. అంతే.

"అమ్మకి మాత్రం కారవాన్ కొండ మీదికి పోయిందని చెప్దాం," అన్నారు ఫోన్ తిరిగిస్తూ. "మంట చూసి ఎంత ఖుషీ అయిందో చూసినవ్ గదా."

తుక్కు లారీ వచ్చిన రోజు ఆఫీసులో ఉన్నాను. డాడీ ఒక్కరే వెళ్లారు.

తరవాతి డయాలసిస్‌కి ముగ్గురం వెళ్లాం. అమ్మ రగ్గు కప్పుకుని, గొట్టాలున్న చెయ్యి మాత్రం బయటపెట్టి కూర్చుంది. "గా పిలగాడు ఫొటో గిట్ల పంపిండా? కొండ మీద నా ఇల్లు ఎట్లున్నదో సూడాలె," అంది నాతో. ఎప్పుడూ ఫోన్‌లోనే ఉంటానని నన్నడిగింది. డాడీ నావైపు చూశారు. ఆ చూపుకే నాకు మండింది.

"పోలేదమ్మా. హీటర్‌కి చిల్లు పడింది. తుక్కుకి ఇచ్చేశాం. డాడీ చెప్పొద్దన్నాడు."

పక్క కుర్చీలో పేషెంట్ కూడా తల తిప్పి చూసేంత గట్టిగా అన్నాను.

అమ్మ డాడీ వైపు చూసింది. డాడీ చేతిలో ఉన్న వాటర్ బాటిల్ మూత తిప్పుతూ ఉన్నారు.

"గా పిలగానికి చెప్పిండ్రు గదా? చెప్పకుంట అంటగట్టలే గదా?" అంది అమ్మ.

"చెప్పాం."

"మంచిపని చేసిండ్రు. సంటిపిల్ల ఉన్నది గదా పాపం." కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకుని ఫోన్ తీశాను.

"రగ్గు జర మీదికి గుంజు బిడ్డ. సలి."

రగ్గు మెడ దాకా లాగాను. డాడీ లేచి, ఏసీ కొంచెం తగ్గించమని నర్స్‌ని అడగడానికి వెళ్లారు. హాలు మొత్తానికి ఒకటే ఏసీ, తగ్గించడం కుదరదని వాళ్లు ఆయనకి ఇంతకుముందే చాలాసార్లు చెప్పారు.