గౌరీబాయి బయటపెట్టిన స్టూలు

1999 జూన్ 22, మంగళవారం, ఉదయం 9 గంటల 10 నిమిషాలకు బాన్సువాడ దవాఖానలో ఆయా గౌరీబాయి ఓపీ గదిలోని ఇనుప స్టూలును వరండాలోకి మోసుకొచ్చింది. పద్నాలుగేళ్ల కొలువులో ఈ మోత ఆమెకు కొత్త కాదు. శిక్షణకు వచ్చిన పిల్లలను డాక్టరు హరనాథబాబు ఏ తప్పుకు ఎంతసేపు నిలబెడతాడో ఆమెకు కంఠతా వచ్చు. మోతాదు తప్పితే గంట, ఎదురు చెబితే పూట.

ఆనాటి తగాదా చిన్నపేగుది. పొడవెంతని ఆయన అడిగాడు. హౌస్ సర్జన్ సిరీష ఆరు మీటర్లంది.

"అది శవంలో కొలత. నీ ముందున్నవాళ్లు ఇంకా బతికే ఉన్నారు."

"పుస్తకంలో అంతే ఉంది సార్."

"అయితే పుస్తకానికే వైద్యం చెయ్యి. పూటంతా నిలబడు. శిక్షణ పదిహేను రోజులు పొడిగిస్తున్నాను."

జూన్ 30తో ఆమె శిక్షణ ముగియాలి. పూర్తయినట్టు పత్రం జూలై 3లోగా చేరకపోతే పీజీ ప్రవేశపరీక్ష ఆ ఏటికి లేనట్టే.

వరండాలో నస్రుల్లాబాద్ వైపు తండాల నుంచి వచ్చినవారు ముప్పై ఏడుగురు. ముందున్న జేత్యా అడిగాడు.

"స్టూలు బయటికెందుకొచ్చిందక్కా?"

"లోపలి బిడ్డకు నిలవడే శిక్ష పడ్డది. పదిహేను దినాల కొలువు గూడ ఎక్కువ పడ్డది."

జేత్యా లోపలికి వెళ్లాడు. డాక్టరు కుర్చీ చూపించాడు.

"పర్వాలేదు సారు. డాక్టరమ్మ నిలవడ్డది, నేనెట్ల కూసుంట?"

అయిదు నిమిషాలు కూర్చోబెట్టాకే బీపీ చూడాలని గోడ మీద రాసి అంటించినవాడు హరనాథబాబే. జేత్యాను పక్కన ఉండమని తరువాతివారిని పిలిచాడు. వాళ్లూ కూర్చోలేదు. 9 గంటల 50 నిమిషాలకు గదిలో తొమ్మిదిమంది నిలబడి ఉన్నారు. బీపీ రిజిస్టరులో ఒక్క అంకె లేదు.

"ఎవరు నేర్పారు వీళ్లకి?"

"నేర్పుడేంది సారు," అంది గౌరీబాయి. "ఆడబిడ్డ నిలవడితే మా తండల ముసలోళ్లు గూడ కూసోరు."

"ఇది తండా కాదు."

"అవ్ సారు. తండల అయితే పీట ఏస్తుంటిమి."

"ఆ స్టూలు తీసుకురా," అన్నాడు డాక్టరు.

సిరీష కూర్చుంది. ఆ తరువాతే జేత్యా కుర్చీలో కూర్చుని, అయిదు నిమిషాలు నిండాక చెయ్యి చాపాడు.

"సారు, గా పదిహేను దినాలు గూడ మాఫ్ చేయరాదా?"

"మాట్లాడకు. బీపీ పెరుగుతుంది."

"నాదా సారు, మీదా?"

జూలై 1 సాయంత్రం హరనాథబాబు పత్రం మీద సంతకం చేసి, సిరీష ముఖం చూడకుండా అందించాడు. థర్మామీటరు పుణ్యమా అని గౌరీబాయికి అంకెలు తెలుసు. సిరీష వేలు పెట్టి చూపిన గడిలోకి ఆమె తొంగిచూసింది.

పొడిగించిన రోజులు: 1.