నిన్నటి రికార్డింగ్

చూసేవాళ్లెవరూ లేకపోయినా మైకు ముందు కూర్చునేటప్పుడు కొంగు సర్దుకోవడం కళావతికి అలవాటు. గోడలకు కోడిగుడ్ల అట్టలు అతికించిన ఊరి రేడియో గదిలో, జీతం లేకుండా, పొద్దున్నే కోయ భాషలోనూ తెలుగులోనూ కబుర్లు చెప్పి, అటునుంచి అటే మిరపకాయలు కోయడానికి కూలికి పోతుంది. ఎంత కడిగినా చేతుల ఘాటు పోదు. ఆ చేతులతో హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే చెవులు మండుతాయి. మొన్నొక రోజు కూలీల ఆటో వెళ్లిపోతుందని, ముందురోజు రికార్డింగే మళ్లీ పెట్టి పరుగెత్తింది. "ఇయ్యాల సంతకాడికి భద్రాచలం నుంచి కంటి డాక్టర్లు వస్తున్నరు" అని అందులో తను చెప్పిన సంగతి చేలోకి దిగాక గుర్తొచ్చింది. డాక్టర్లు ముందురోజే వచ్చి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం ఆటో దిగేసరికి, చూపు ఆనని ముత్తక్క కర్రతో దారి తడుముకుంటూ వాగు దాటి వస్తోంది. కళావతి గొంతు విని ఆగింది.

"నువ్ జెప్పినవని పోయిన బిడ్డా. ఆడ ఒక్కలు గూడ లేరు. రేడియో అబద్ధం జెప్తదా? గా డాక్టర్లే రాకుండ మోసం జేసిండ్రు. గంతే గదా?"

కళావతి కొంగు సర్దుకుంది.

"అవ్, పెద్దమ్మా."

మైకులో మాట్లాడినట్టే తడబడకుండా వచ్చిందా మాట. హెడ్‌ఫోన్లు లేకుండానే చెవులు మండాయి.