మూడు యూనిట్ల తేడా

మా ఆవిడ బస్సు నడుపుతుంది. మందుల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళని పొద్దున ఆరింటికి ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని, ఫ్యాక్టరీ గేటు ముందు దింపి, తొమ్మిదిన్నరకల్లా ఇంటికి వచ్చేస్తుంది. మళ్ళీ సాయంత్రం నాలుగింటికి వెళ్ళి వాళ్ళని వెనక్కి తీసుకొస్తుంది. మధ్యలో దొరికే ఆరున్నర గంటలూ ఆవిడ వంటగదిలో గడుపుతుందని ఎవరైనా అంటే మా అమ్మ నవ్వుతుంది. వంట అమ్మా నేనూ చూసుకుంటాం. మా ఆవిడ గోడలు కడుతుంది.

"మా కోడలు కాంట్రాక్టు పనులు చేస్తుంది" అని అమ్మ మెట్ల మీద ఎదురైన ప్రతివాళ్ళకీ చెప్పింది. పై అంతస్తులో ఉండే ఒకాయన అది నిజమే అనుకుని, బాత్రూంలో టైల్స్ మార్పించాలి, ఎప్పుడు వీలవుతుందని అడగడానికి వచ్చాడు. ఆయన్ని కూర్చోబెట్టి అసలు సంగతి నేను చెప్పాల్సి వచ్చింది. కంప్యూటర్లో ఆడే పాత తుపాకుల ఆట ఒకటుంది. ఇరవై ఏళ్ళ కిందట దాన్ని ఆడనివాళ్ళు లేరు, ఇప్పుడు ఆడేవాళ్ళు అన్ని దేశాల్లో కలిపి వంద మంది ఉంటే ఎక్కువ. ఆ ఆటతోపాటు ఎడిటర్ అని ఒక పనిముట్టు ఇస్తారు. దాంతో నేల, గోడలు, మెట్లు, కిటికీలు పెట్టి, ఆటగాళ్ళు పరుగులు పెట్టడానికి కొత్త చోటు ఎవరైనా కట్టుకోవచ్చు. అలాంటి చోటుని మ్యాప్ అంటారు. మా ఆవిడ ఏడేళ్ళుగా ఒకే ఒక్క మ్యాప్ కడుతోంది.

ఆయన అంతా విని, "దానివల్ల ఏంటండీ లాభం?" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ ప్రశ్న ఏడేళ్ళుగా నేనూ అడుగుతూనే ఉన్నాను, కాస్త వెటకారం కలిపి. ఆవిడకి మేస్త్రి అని పేరు పెట్టింది కూడా నేనే. "మేస్త్రిగారూ, స్లాబు ఎప్పుడు పోస్తున్నారు?" అంటూ టీ తెచ్చి పక్కన పెట్టేవాణ్ణి. ఆవిడ తల కూడా తిప్పకుండా, "మీరు కిందికెళ్ళి మీ కళ్ళద్దాలు అరగదీసుకోండి" అనేది. మా ఇంటి కిందే నాకు కళ్ళజోళ్ళ దుకాణం ఉంది.

ఆవిడ కడుతున్నది ఒక పంపుహౌస్. ఎక్కడిదని అడిగితే ఎక్కడిదీ కాదంది. పొడవాటి హాళ్ళు రెండు, ఏనుగంతేసి పంపులు నాలుగు, పైన వాలు కప్పు, కప్పు కింద వరసగా కిటికీలు, ఒక మూల నుంచి పైదాకా చుట్టుకుంటూ వెళ్ళే గుండ్రటి మెట్లు. ఇంట్లో క్యాలెండరు ఆర్నెల్లు వంకరగా వేలాడినా పట్టించుకోని మనిషి, అక్కడ మాత్రం మెట్టుకీ మెట్టుకీ పిసరంత తేడా ఉంటే ఊరుకునేది కాదు. ఎడిటర్ తెర మీద లెక్కల నోటుపుస్తకంలో లాగా సన్నటి గళ్ళు ఉంటాయి. ప్రతి గోడ మూలా ఆ గీతలు కలిసే చోట కూర్చోవాలి. అలా కూర్చుంటేనే పక్క గోడ దానికి సరిగ్గా అతుకుతుంది. లేకపోతే రెండింటి మధ్యా వెంట్రుకంత సందు మిగిలిపోతుంది.

ఈమధ్య ఒక నెల మొదట్లో పెదనాన్న నుంచి కబురు వచ్చింది. పెదనాన్న అంటే మా చుట్టం కాదు. ఆ ఆట ఆడేవాళ్ళంతా వచ్చి కలిసే సర్వరుని నడిపే పెద్దాయన, ఆయన్ని మేం ఎప్పుడూ చూడలేదు. ఆయన ఇలా రాశారు: "నాకు ఓపిక తగ్గింది. నెలాఖరు ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఆఖరి ఆట. ఆ తర్వాత సర్వరు ఆపేస్తున్నాను. అమ్మాయ్, ఇదిగో అయిపోతోంది, అదిగో అయిపోతోంది అంటూ ఏళ్ళు గడిపావు. ఆ పంపుహౌస్ ఏదో పంపు, అందులోనే ఆడదాం."

ఆవిడ దాన్ని మాకు రెండుసార్లు చదివి వినిపించింది. ఆ పంపుహౌస్‌లో అప్పటిదాకా ఆవిడ తప్ప ఇంకో మనిషి అడుగుపెట్టలేదు. ఆ ఆదివారం దాటితే ఇంక ఎప్పటికీ ఎవరూ పెట్టరు. "ఒక్కసారి నలుగురు అందులో నడిస్తే చాలండీ" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహం చూసి, ఆ పూటకి నేను వెటకారం మానేశాను.

ఆ రోజే మ్యాప్ పంపింది. మర్నాడు జవాబు వచ్చింది. "చాలా బాగుంది. కానీ చుట్టూ పెట్టె పెట్టేశావు. అది తీసేసి పంపు."

ఆ పెట్టె సంగతి నాకు అప్పుడే తెలిసింది. మ్యాప్ నాలుగు వైపులా, పైనా కిందా గాలి చొరబడనట్టు మూసుకుని ఉండాలట. ఎక్కడ చిన్న సందున్నా, ఆట బయటి చీకటిని కూడా లోపలి గదే అనుకుని దాన్నంతా మోసుకు తిరుగుతుంది. సందులు వెతికే ఓపిక లేనివాళ్ళు కట్టినదాన్నంతా తీసుకెళ్ళి ఒక పెద్ద పెట్టెలో పెట్టేస్తారు. ఒక్క మనిషి తిరిగితే తేడా తెలియదు, ఇరవై మంది ఎక్కితే ఆట అడుగు కదలదు. మా ఆవిడ ఏడేళ్ళుగా ఆ పెట్టె చాటున నెట్టుకొస్తోందన్నమాట.

పెట్టె తీసి కంపైల్ నొక్కింది. కంపైల్ అంటే, కట్టినదాన్ని ఆడుకోవడానికి వీలుగా తయారు చెయ్యమని కంప్యూటరుకి చెప్పడం. ముప్పావు గంట తర్వాత ఎడిటర్ ఒక ఎర్రగీత గీసి చూపించింది. హాలు మధ్యలో బయల్దేరి, ఒక సందులోంచి దూరి, బయటి చీకట్లోకి పోయే గీత. ఆవిడ ఆ సందులో సన్నటి పట్టీ పెట్టింది. మళ్ళీ కంపైల్, ముప్పావు గంట, ఇంకో చోట ఎర్రగీత. అలా రెండు వారాలు, రోజుకి ఎనిమిది పట్టీలు. ఏడేళ్ళలో పెట్టిన పట్టీలు అప్పటికే మూడు వందలున్నాయి. బస్సు దిగి వచ్చి చెప్పులైనా విప్పకుండా కుర్చీలో కూలబడేది. అమ్మ తెచ్చి పెట్టిన భోజనం పక్కనే చల్లారిపోయేది.

"ఏమే, గోడలు కారుతున్నాయా?" అని అడిగింది అమ్మ.

"కారడం లేదత్తయ్యా, సందులున్నాయి. గాలి పోతోంది."

"అంతేనా. గాలి ఆడితే మంచిదేగా" అని అమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

గురువారం నేను మధ్యాహ్నం భోజనానికి పైకి వచ్చేసరికి ఆవిడ తెర ముందు చేతులు కట్టుకుని కూర్చుని ఉంది. ఆదివారానికి ఇంకా మూడు రోజులే ఉన్నాయి.

"అన్నీ మూడే" అంది.

"ఏంటి మూడు?"

"సందులు. ఈ చివర చూసినా మూడు యూనిట్లే, ఆ చివర చూసినా మూడే. ఒక్కటంటే ఒక్కటి రెండు లేదు, నాలుగు లేదు."

యూనిట్ అంటే ఎడిటర్‌లో అన్నిటికంటే చిన్న కొలత. చెయ్యి జారడం వల్ల వచ్చిన తప్పులైతే ఒక్కోటి ఒక్కోలా ఉండాలి. అన్నీ ఒకేలా ఉన్నాయంటే జరిగిన తప్పు ఒక్కటే. ఇది నాకు చటుక్కున తలకెక్కింది, ఎందుకంటే అంచు అరిగిపోయిన స్కేలుతో నెల రోజులపాటు అందరి కళ్ళద్దాలూ ఒకే తేడాతో చేసిన ఘనుణ్ణి నేను. ఆ నెల మా పేటలో సగం మందికి తలనొప్పి.

ఆవిడ వెతుక్కుంటూ మొట్టమొదటి రోజు పెట్టిన గోడ దగ్గరికి వెళ్ళింది. గళ్ళకి అతికించే మీట ఒకటుంటుందని ఆ రోజు ఆవిడకి తెలియదు. కంటికి సరిగా ఉందనిపించిన చోట గోడ పెట్టేసింది. అది గీతకి మూడు యూనిట్లు పక్కకి ఉంది. తర్వాత మీట సంగతి తెలిసింది. కానీ ఆ మీట గోడని ఒక్కో గడి చొప్పున జరుపుతుందే తప్ప, ముందు నుంచీ ఉన్న తేడాని పోగొట్టదు. పైగా ఆ గోడ ముచ్చటగా కుదిరిందని దాన్నే కాపీ తీసి, కాపీకి మళ్ళీ కాపీ తీసి, రెండు హాళ్ళూ కట్టేసింది. ఆ కాపీలన్నీ మూడు యూనిట్లు పక్కకే ఉన్నాయి. నేల, కప్పు మాత్రం గీత మీద ఉన్నాయి. వాటికీ వీటికీ మధ్య సందులు, సందుల్లో పట్టీలు.

"ఏడేళ్ళూ నేను అతుకులు వేస్తూ కూర్చున్నానండీ" అంది.

ధైర్యం చెబుదామని, "అన్నిటినీ ఒకేసారి గీత మీదికి తెచ్చే మీట లేదా?" అన్నాను. ఉంది. నొక్కింది. ప్రతి మూలా పక్క మూల ఎటు పోతోందో చూసుకోకుండా తనకి దగ్గరగా ఉన్న గీత మీదికి ఎగిరి అతుక్కుంది. వంపు కోసం గీతల మధ్య మూలలు పెట్టి కట్టిన గుండ్రటి మెట్లు నలిపేసిన కాగితంలా అయిపోయాయి. ఆవిడ గబగబా అంతా వెనక్కి తీసుకుని, "దయచేసి మీరింక సలహాలివ్వకండి" అంది. నేను దుకాణంలోకి దిగిపోయాను.

శుక్రవారం పట్టీలన్నీ పీకేసింది. నాలుగు వందల పన్నెండు. ఏడేళ్ళ చాకిరీ అలా పోతుంటే పక్కన నిలబడి చూడలేకపోయాను. తర్వాత కాపీ గోడల్ని ఒక్కొక్కటిగా ఎంచి, అన్నిటినీ కలిపి పట్టుకుని, గడి కొలతని ఒక్క యూనిట్‌కి తగ్గించి, బాణం మీట మూడుసార్లు నొక్కింది. గోడలు వెళ్ళి నేలకీ కప్పుకీ అతుక్కుపోయాయి. ఆవిడ పెద్దగా నవ్వేసరికి అమ్మ వంటగదిలోంచి వచ్చింది.

"ఏమైందే?"

"గోడలు కలిశాయత్తయ్యా."

"ఇన్నాళ్ళూ కలవలేదా?" అని అమ్మ బుగ్గలు నొక్కుకుంది. పై అంతస్తు ఆయనకి టైల్స్ వేయకపోవడమే మంచిదైందని తర్వాత నాతో అంది.

కానీ ఎంచేటప్పుడు ఒక్క గోడని వదిలేసినా కథ మొదటికొస్తుంది. ఎర్రగీత ముప్పావు గంటకి ఒక్క సందే చూపిస్తుంది, అదే మనిషి లోపల తిరిగి చూసుకుంటే త్వరగా తేలుతుంది, దానికి కంపైల్ కూడా అక్కర్లేదు. వెంట్రుకంత సందున్నా ఆ ఆటలో మనిషి అందులోంచి కిందికి జారిపోతాడట. శనివారం ఆవిడకి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బస్సు డ్యూటీ. ఏ మీట నొక్కితే ఏమవుతుందో కాగితం మీద రాసి నా చేతికిచ్చి, "గోడలన్నీ తడిమి చూడండి, ఒక్క మూల కూడా వదలకండి" అని చెప్పి వెళ్ళిపోయింది. నేను దుకాణం తెరవలేదు.

మొదటి పావుగంట కప్పు చూస్తూ గిరగిరా తిరిగాను. ఆ తర్వాత నడక పట్టుబడింది. గోడకి భుజం ఆనించి నడవడం, మూల రాగానే వెళ్ళి గుద్దుకోవడం, అదీ నా పని. పదకొండు గంటలకి మొదటి హాలు పూర్తయింది. రెండో హాల్లో పని సంగతే మరిచిపోయాను. పై కిటికీల్లోంచి ఎండ వచ్చి నేల మీద చాళ్ళు చాళ్ళుగా పడి ఉంది. మూడో పంపు వెనక ఒక చిన్న గది ఉంది. అందులో ఒక స్టూలు, గోడకి తగిలించిన ఒక కోటు, కోటు జేబులోంచి కనిపిస్తున్న రెంచీ. ఆటలో ఆ గదికి ఏ పనీ లేదు, అటు ఎవరూ రావలసిన అవసరం కూడా లేదు. అయినా ఆవిడ ఆ కోటు మడతలతో సహా చేసి పెట్టింది. ఆ పనంతా పక్క గదిలో జరుగుతుంటే ఏడేళ్ళలో ఒక్కసారి కూడా నేను కుర్చీ లాక్కుని ఆవిడ పక్కన కూర్చోలేదు. నాకు చాలా సిగ్గేసింది.

ఆ గదిలో ఇంకో అడుగు వేశాను. కాలి కింద నేల లేదు. చీకట్లోకి పడిపోతున్నాను, పడిపోతూనే ఉన్నాను. కూర్చున్న కుర్చీని రెండు చేతులా పట్టుకున్నాను. కాస్త తేరుకుని ఆవిడకి ఫోన్ చేశాను. బస్సు గేటు దగ్గర ఆపి భోంచేస్తోంది.

"పడిపోయాను."

"ఎక్కడ? దెబ్బ తగిలిందా?"

"ఇంట్లో కాదు, నీ పంపుహౌస్‌లో. కోటు ఉన్న గదిలో, తలుపుకి ఎడమ వైపు."

ఆవిడ ఊపిరి పీల్చుకుంది. "ఆ గోడ వదిలేశానండీ. ఎడిటర్ తెరవండి. ఆ గోడ మీద నొక్కండి. గడి ఒక్క యూనిట్‌కి మార్చండి. ఇప్పుడు కుడి బాణం మూడుసార్లు."

గబగబా నొక్కాను.

"ఎన్నిసార్లు నొక్కారు?"

"మూడు. నాలుగేమో."

"ఒకటి వెనక్కి రండి."

వచ్చాను. గోడ గీత మీద కూర్చుంది. సాయంత్రం ఆవిడ వచ్చేలోపు మిగతా మూలలన్నీ రెండుసార్లు గుద్దుకుని చూశాను.

ఆదివారం పొద్దున ఆవిడ కంపైల్ నొక్కి, తెర వైపు చూడకుండా బట్టలు ఆరేసుకుంటూ కూర్చుంది. ముప్పావు గంట తర్వాత నేనే చూశాను. ఎర్రగీత లేదు. చెబితే ఆవిడ నమ్మలేదు, వచ్చి చూసుకుని, తడి బట్ట చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

నాలుగింటికి ముగ్గురం తెర ముందు కూర్చున్నాం. ముగ్గురో నలుగురో వస్తారు లెండి అని ఆవిడ పొద్దుటి నుంచి తనకి తనే చెప్పుకుంటోంది. ఇరవై ఆరు మంది వచ్చారు. మొదట్లో అలవాటు కొద్దీ తుపాకులు పేల్చుకున్నారు. అయిదు నిమిషాల్లో ఆ మోత తగ్గింది. ఒకడు గుండ్రటి మెట్లు ఎక్కి పైన ఆగి కిందికి చూస్తున్నాడు. ఇంకొకడు పంపు చుట్టూ తిరుగుతున్నాడు. ఇద్దరు కోటు గదిలో దూరి ఎంతకీ బయటికి రారు. అమ్మ కళ్ళజోడు సర్దుకుని, "ఇంతమంది పట్టారే" అంది.

ఎవరో "ఇది ఎవరు కట్టారు?" అని రాశారు. దాని కింద ఇంకో ముగ్గురు అదే అడిగారు. పెదనాన్న, "అమ్మాయ్, నువ్వే చెప్పు" అన్నారు.

ఆవిడ మీటల మీద చేతులు పెట్టి నా వైపు తిరిగింది. "ఏం రాయనండీ?"

"నువ్వు కట్టావని రాయి."

ఆవిడ ఒక్కో అక్షరం చూసుకుంటూ రాసింది. "నేను కట్టాను. గోడలన్నీ మా ఆయన తడిమి చూశారు."

నేను చేసింది ఒక్క శనివారం పని. అంతకు ముందు ఏడేళ్ళూ ఆవిడని ఆటపట్టించడం తప్ప ఇంకేమీ చెయ్యలేదు. ఆ మాట నేను పైకి చెప్పబోతే ఆవిడ, "ఉండండి, మెట్ల దగ్గర ఎవరో పిలుస్తున్నారు" అని ఆటలోనే అటు నడిచింది. నాకు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. ఆరింటికి పెదనాన్న అందరికీ సెలవు చెప్పి సర్వరు ఆపేదాకా ముగ్గురం అక్కణ్ణుంచి లేవలేదు.